మా ఊళ్లో అందరి పళ్లూ ఇట్లనే ఉంటయి

ఈసారి ఉత్తరం నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఊరి అమ్మాయిది. పేరు, ఊరు రాయొద్దన్నారు. వయసు 26. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తూ, ఎల్బీనగర్ దగ్గర హాస్టల్‌లో ఉంటున్నారు. నాలుగు పేజీల ఉత్తరం. అందులో సగం పళ్ల గురించే.

పదో తరగతి దాకా తన పళ్ల గురించి తనకు ఆలోచనే లేదట. క్లాసులో దాదాపు అందరి పళ్లూ గోధుమరంగు చారలతో, అక్కడక్కడ గుంటలతో ఉండేవి. ఖమ్మం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరు గారి అమ్మాయికి మాత్రం తెల్లటి పళ్లు ఉండేవి. "మేమంతా ఆ పిల్లనే ఏడిపించేటోళ్లం. పెద్దగైనా నీకు పాలపళ్లు ఊడలేదా అని. పాపం, ఆమె నవ్వడం మానేసింది" అని రాశారు. ఇంటర్‌కు హైదరాబాద్ వచ్చాక లెక్క తిరగబడింది. హాస్టల్‌లో మొదటి వారమే ఒకమ్మాయి "నువ్వు గుట్కా తింటవా?" అని అడిగింది. ఆ రోజు నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటైంది. తర్వాత నవ్వడమే తగ్గింది. "కరోనా రెండేళ్లు అందరికీ నరకం. నాకు మాత్రం మాస్క్ ఉండె, మంచిగుండె. ఇది ఎవరికీ చెప్పుకోలేను" అన్నారు.

ఇప్పుడు మిర్యాలగూడ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడు, అతనికీ ఈమె నచ్చింది. కానీ అబ్బాయి తల్లి రెండు షరతులు పెట్టారు. నిశ్చితార్థానికి ముందే పళ్లు చేయించుకోవాలి. ఎముకలకు ఏమీ లేదని, పుట్టబోయే పిల్లలకు రాదని డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తేవాలి. అబ్బాయిని అడిగితే "మా అమ్మ అట్లనే అంటది, నువ్వు పట్టించుకోకు. అయినా చేయించుకుంటే అయిపోతది కదా" అని మెసేజ్ పెట్టాడు. నాయన మాత్రం మండిపడ్డారు. "మన ఊళ్లో అందరికీ ఉన్నయే కదా! మీ అమ్మకు లేవా, మీ మేనత్తకు లేవా? వాళ్ల పెళ్లిళ్లు కాలేదా? మన దిక్కే ఇచ్చుకుంటే ఈ లొల్లి ఉండకపోవు" అన్నారు. ఆయన మనసులో నాంపల్లి మండలంలో ఉన్న మేనబావ ఉన్నాడు.

నాయన వయసు 54. నాలుగైదేళ్లుగా మెడ తిప్పలేరు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నడుం వంగదు. అడిగితే "వయసైతుంటే గంతే" అంటారు. ఇంటికి మిషన్ భగీరథ పథకం నల్లా వచ్చి ఏళ్లయినా ఆ నీళ్లు సప్పగా ఉంటాయని, పొలం దగ్గర బోరు నీళ్లే తాగుతారు.

చివర్లో ఇలా అడిగారు: "నేను నార్మలా, కాదా? పళ్లు చేయించుకుంటే మా ఊరిని తక్కువ చేసినట్టా? చేయించుకోకపోతే నా బతుకు నేనే చెడగొట్టుకున్నట్టా? మొన్న దసరాకు పోతే మా అన్న కొడుకు, ఆరేళ్లోడు, అత్తా నీ పళ్లు ఎందుకు గట్లున్నయి అన్నడు. వాడికి కూడా జవాబు చెప్పలేకపోయిన."

అమ్మా,

ముందు డాక్టర్ సంగతి తేల్చేద్దాం. దాని చుట్టూ భయాలు ఎక్కువ, విషయం మాత్రం చిన్నదే. పళ్ల మీద పింగాణీ పొర చిన్నతనంలో, చిగురు లోపలే తయారవుతుంది. ముందు పళ్లకైతే సుమారు ఎనిమిదేళ్లలోపే ఆ పని అయిపోతుంది. ఆ వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పొర సరిగా కట్టదు, గోధుమరంగు మచ్చ పడుతుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర. మీ చిన్నప్పటి బోరు నీళ్లు ఆ గీత దాటాయన్నదానికి మీ పళ్లే సాక్ష్యం. అంతకు మించి వాటిలో ఏమీ లేదు. అది మురికి కాదు, అంటుకునేది కాదు, రక్తంలో వచ్చేది కాదు. మీకు పుట్టే పిల్లల పళ్లు ఎలా ఉంటాయన్నది వాళ్లు తాగే నీళ్లను బట్టి ఉంటుంది. వాళ్ల నానమ్మ గారు పెంచినా, మీ అమ్మ పెంచినా సరే. పళ్ల మీద మచ్చ ఉన్నంత మాత్రాన ఎముకలు దెబ్బతిన్నట్టు కూడా కాదు. మీకు కీళ్ల నొప్పులు, పట్టేయడం ఉంటే పరీక్ష చేయించుకోండి. కానీ అది మీ కోసం. కాబోయే అత్తగారి ఫైలు కోసం కాదు.

ఇక మీ అసలు ప్రశ్న. "నార్మలా, కాదా" అని ఇంగ్లిష్ మాట వాడారు. మన దగ్గర దానికి మామూలు అంటాం. ఈ మాట ఉర్దూ నుంచి వచ్చింది, వాడుకగా జరిగేది అని అర్థం. అదే మాటకు మన ఆఫీసుల దగ్గర ఇంకో అర్థం కూడా ఉంది కదా, మామూళ్లు అని! ఇవ్వడం అలవాటైపోయింది కాబట్టి లంచానికి కూడా ఆ పేరు వచ్చింది. ఎంతమంది చేస్తున్నారో ఆ మాట చెబుతుంది. మంచిదో చెడ్డదో చెప్పదు. మీ ఉత్తరంలో ఇద్దరు మనుషులు మీతో ఆ మాటే అంటున్నారు. మీ నాయన, మీ ఊళ్లో తలకాయలు లెక్కపెట్టి, అందరికీ ఉన్నాయి కాబట్టి ఏమీ కాదంటున్నారు. ఆ అబ్బాయి తల్లి, వాళ్ల వాడలో తలకాయలు లెక్కపెట్టి, ఎవరికీ లేవు కాబట్టి ఏదో ఉందంటున్నారు. ఇద్దరికీ జిల్లా ఒకటే. మధ్యలో తేడా ఒక కాలువ. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పుడు మిర్యాలగూడ వైపు పొలాలు తడిశాయి. మీ ఎత్తు నేలలకు ఆ నీళ్లు ఎక్కలేదు. మీ వాళ్లు బోర్లు వేసి, అవి ఎండితే ఇంకా లోతుకు వేసి, రాళ్లల్లో ఊరిన నీళ్లు తోడుకున్నారు. ఆమెకు మామూలుగా కనిపించే తెల్ల పళ్లు ఆమె గొప్పతనం కాదు. మీవి మీ లోపం కాదు.

మాది పాలమూరు దిక్కు. నా చిన్నప్పుడు మా బడిలో ఎండాకాలం వస్తే "మీ నాయన యాడికి పోయిండు?" అని అడగడం "అన్నం తిన్నవా" అన్నంత సులువు. ఒకరి నాయన బొంబాయి, ఇంకొకరి అమ్మానాయనలిద్దరూ ఎక్కడో డ్యామ్ పనికి. ఊళ్లోనే నాయన ఉన్న పిల్లవాణ్ణి చూస్తే మాకు వింత. తండ్రి ఇంట్లో లేకపోవడం ఒక లోటు అని నాకు తెలిసింది డిగ్రీలో, వేరే జిల్లా స్నేహితురాలి ఇంటికి పండక్కి పోయినప్పుడు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. మీ ఉత్తరంలో ఆ కోపమే కనబడింది నాకు.

అందుకే ఆ టీచరు గారి అమ్మాయి ముచ్చట మీరు రాయడం మంచిదైంది. ఆ పిల్ల పళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి, అయినా మీ క్లాసులో నవ్వడం మానేసింది. మీరు హైదరాబాద్‌లో మానేశారు. పళ్లు వేరు, చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒకటే. పైగా తెలుపే అందమన్న మాట కూడా అన్ని కాలాల్లో, అన్ని చోట్లా లేదు. జపాన్‌లో పెళ్లయిన ఆడవాళ్లు వందల ఏళ్లు పళ్లకు నల్లరంగు వేసుకున్నారు, అదే మర్యాద, అదే అందం. 1870లో అక్కడి ప్రభుత్వం పెద్దింటి వాళ్లకు అది వద్దని ఆర్డర్ వేయాల్సి వచ్చింది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ పాతబస్తీలోనే ఒకప్పుడు ఆడవాళ్లు మిస్సీ పొడి రుద్ది పళ్లు నల్లగా చేసుకునేవాళ్లు. ఈ కబుర్లు చెప్తే మీ బాధ తీరుతుందని కాదు. మీరు బతికేది ఈ కాలంలో, ఈ సెల్ఫీల మధ్య. ఆ సంగతి నాకు తెలుసు.

అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అని ఒక ఊరు. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే కుర్ర పళ్ల డాక్టర్ చదువు ముగించుకుని అక్కడికి వెళ్లాడు. చూస్తే ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్ల పళ్లన్నీ గోధుమరంగే. పుస్తకాలు తిరగేశాడు, ఎక్కడా లేదు. ఊళ్లో అడిగితే పంది మాంసం ఎక్కువ తింటాం కదా, పాలు బాగుండవు కదా అని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అక్కడ పుట్టిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది దాకా ఆ మచ్చలు ఉన్నాయని 1909 నాటికి తేలింది. పెద్దయ్యాక ఊరికి వచ్చిన వాళ్లకు మాత్రం రాలేదు. అది నీళ్లలోని ఫ్లోరైడ్ అని ఒక అల్యూమినియం కంపెనీ కెమిస్ట్ బయటపెట్టింది 1931లో. ముప్ఫై ఏళ్లు! మన దగ్గర 1937లో నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గుర్తించి రాశారు. ఆ కొలరాడో ఊరివాళ్లు తెలివి తక్కువ వాళ్లేం కాదు. చుట్టూ అందరికీ ఉన్నదాన్ని జబ్బు అని అనుకోవడం కష్టం. బయటినుంచి వచ్చినవాడికి అది ఒక్క చూపులో కనబడింది. మిమ్మల్ని గుట్కా తింటావా అని అడిగిన అమ్మాయి కూడా బయటి మనిషే, కానీ ఆమె చూసి వెక్కిరించింది, మెక్‌కే చూసి ఎందుకని అడిగాడు.

ఇది చెప్పింది మీ పళ్ల కోసం కాదు, మీ నాయన మెడ కోసం.

నాలుగు పేజీల ఉత్తరంలో ఆయన గురించి మీరు రాసింది నాలుగు లైన్లు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది అవే. 54 ఏళ్లకు మెడ తిరగకపోవడం, నడుం వంగకపోవడం వయసు కాదు. మీ ఊళ్లో ఆ ఈడు వాళ్లు చాలామంది అట్లాగే ఉన్నారు కాబట్టి వయసులా కనబడుతోంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటే కీళ్లు, వెన్నెముక బిగుసుకుంటాయి. పళ్ల మీద మచ్చ చిన్నప్పుడే పడుతుంది గానీ, ఎముకలకు ఏ వయసులోనైనా ఎక్కుతూనే ఉంటుంది. అంటే ఆయన రోజూ పొలం దగ్గర తాగే బోరు నీళ్లు ఇప్పటికీ పని చేస్తున్నాయి. ఇంటికి నల్లా వచ్చినా ఆ నీళ్లు ఆయన నోటికి అందలేదు. మర్రిగూడ, మునుగోడు వైపు తిరిగినప్పుడు నేనూ విన్నాను, భగీరథ నీళ్లు సప్పగా ఉంటాయని, బోరు నీళ్లకే రుచి అని. నాలుకకు కూడా ఒక మామూలు ఉంటుంది, యాభై ఏళ్లది. తెలంగాణలో ఫ్లోరైడ్ ఊళ్లు ఇక లేవని 2020లో కేంద్రం లెక్క చెప్పింది. ఊరికి మంచినీళ్లు అందాయా అన్నదే ఆ లెక్క. మీ నాయన ఏ నీళ్లు తాగుతున్నారో ఆ లెక్కలో ఉండదు.

ఆయనను ఒకసారి ఎముకల డాక్టర్‌కు చూపించి ఎక్స్‌రే తీయించండి. బిగుసుకున్న ఎముక మళ్లీ మామూలు కాదు, అది నిజమే, దాచను. కానీ నీళ్లు మారిస్తే పెరగడం తగ్గుతుంది. నొప్పికి మందులున్నాయి, ఫిజియోథెరపీ ఉంది, క్యాల్షియం, విటమిన్ డి తగ్గి ఉంటే అవి ఇస్తారు. కాళ్లల్లో తిమ్మిరి, బలం తగ్గడం, నడక తడబడటం ఉంటే మాత్రం వాయిదా వేయకండి. వెన్నుపాము నొక్కుకుపోతుందేమో చూడాలి, దానికి నిమ్స్ లాంటి పెద్దాసుపత్రికి పోవాలి. ఇంకో మాట. కదలిక బాగా పోయిందని తేలితే, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో చూపించండి. 40 శాతం వైకల్యం నమోదైతే పెన్షన్‌కు అర్హత ఉంటుంది. మీ ఇంట్లో సర్టిఫికెట్ అవసరం ఎవరికైనా ఉంటే అది ఆయనకే.

"మన ఊళ్లో అందరికీ ఉన్నయే" అని ఆయన కోప్పడితే మీరు నొచ్చుకున్నారు. దాని వెనక ఏముందో ఒకసారి చూడండి. మీ పళ్లు జబ్బు అని ఒప్పుకుంటే తన మెడ కూడా జబ్బే అవుతుంది, మీ అమ్మదీ, తన తల్లిదీ అవుతుంది. తెలియక పిల్లలకు ఆ నీళ్లు తాగించానన్న మాట కూడా అందులో ఉంటుంది. దాన్ని మోయడం కంటే మామూలే అనుకోవడం సులువు. కాబట్టి "నీ వల్లనే" అన్నట్టు వినబడకుండా మాట్లాడండి.

ఇప్పుడు సంబంధం. అబ్బాయి తల్లి అడిగినవి రెండూ ఒకటి కావు. పిల్లలకు వస్తుందేమోనన్నది భయం. భయానికి జవాబు ఉంది, పైన చెప్పాను. మీరు, మీ అన్న కూర్చుని ఒక డాక్టర్ చేత ఆమెకు వివరంగా చెప్పించినా తప్పు లేదు. చాలామంది భయం తీరాక తగ్గుతారు. నిశ్చితార్థానికి ముందే పళ్లు చేయించుకోవాలన్నది మాత్రం షరతు. ఇది, ఇందాక చెప్పిన రెండో అర్థంలో మామూలే. ఇస్తే పని జరుగుతుంది. కానీ ఒకసారి ఇచ్చిన చోట రెండోసారి అడగరని హామీ ఎవరూ ఇవ్వలేరు.

నాకు అంతకంటే ముఖ్యంగా కనబడింది ఆ అబ్బాయి మెసేజ్. "పట్టించుకోకు" అన్నాడు, వెంటనే "చేయించుకుంటే అయిపోతది" అన్నాడు. మొదటి సగం మీ కోసం, రెండో సగం వాళ్ల అమ్మ కోసం. అతను చెడ్డవాడని నేను అనను. ఇద్దరినీ నొప్పించకుండా బయటపడాలనుకున్న కుర్రాడు. కానీ పెళ్లయ్యాక ఇలాంటి సందర్భాలు పళ్లతో ఆగవు. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని అడగండి: "నేను ఇప్పుడు చేయించుకోను, పెళ్లయ్యాక నాకు అనిపిస్తే చేయించుకుంటా అంటే మీ ఇంట్లో ఏం చెప్తవు?" తల్లితో పోట్లాడి రావాలని కాదు. తల్లికి ఒక్క మాట చెప్పగలడా అన్నది చూడండి. అతను ఆ మాట చెప్పగలిగితే, మీరు పళ్లు చేయించుకున్నా ఏ ఇబ్బందీ లేదు. నీళ్లు నమిలితే, మీ పళ్లు మెరిసినా ఆ ఇంట్లో మీకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిన పని ఇంకేదో వస్తుంది.

వద్దనుకుంటే నష్టం లేదా అంటే, ఉంది. ఇంట్లో టెన్షన్ ఉంటుంది, ఊళ్లో నాలుగు మాటలు ఉంటాయి, తర్వాతి సంబంధం వాళ్లు కూడా ఇదే అడగొచ్చు. 26 ఏళ్లకు ఏం తొందర అని నేను ఇక్కడ కూర్చుని అనడం సులువే, వినేది మీరు కదా.

మేనబావ సంగతి. అక్కడ మీ పళ్లను ఎవరూ అడగరు, నిజమే. ఒకప్పుడు మీ దిక్కు పిల్లలకు బయటి సంబంధాలు రాక, వాళ్లలో వాళ్లే ఇచ్చి పుచ్చుకున్న ఊళ్లు ఉన్నాయి. అతనంటే మీకు ఇష్టం ఉంటే అది వేరే ముచ్చట. ఉత్తరంలో అతని గురించి ఒక్క మంచి మాటా, ఒక్క చెడ్డ మాటా లేదు, పళ్ల మాట తప్ప. అడిగేవాళ్లు లేరన్న ఒక్క కారణంతో ఒక మనిషిని చేసుకుంటే, ఆ మనిషికి కూడా అన్యాయమే.

పళ్లు చేయించుకోవాలా? అది మిర్యాలగూడ ప్రశ్నగా ఉన్నంత కాలం మీకు జవాబు దొరకదు. సంబంధం పక్కన పెట్టండి. పదేళ్లుగా మీరు నవ్వడం లేదు. కరోనా మాస్క్ మీకు సుఖంగా ఉండేదంటే ఆ బరువు చిన్నది కాదు. దాన్ని దించుకోవాలనుకుంటే మీ ఊరిని తక్కువ చేసినట్టు ఎందుకవుతుంది? చూపు తగ్గితే కళ్లద్దాలు పెట్టుకుంటాం. అలా అని, చేయించుకోకుండా హాయిగా నవ్వే వాళ్లు కూడా మీ ఊళ్లోనే ఉంటారు, వాళ్లదీ సరైనదే.

చేయించుకునేటట్టయితే కొంచెం తెలుసుకుని వెళ్లండి. పైపై మచ్చలైతే పొరను సన్నగా అరగదీసి తీస్తారు. వట్టి బ్లీచింగ్‌తో ముదురు గోధుమరంగు పూర్తిగా పోదు, కొన్నిసార్లు తెల్ల మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కాంపోజిట్ అని పళ్లరంగు పదార్థం అతికిస్తారు, ఖర్చు తక్కువ, కొన్నేళ్లకు రంగు మారుతుంది, మళ్లీ వేయించుకోవాలి. పింగాణీ వెనీర్లు, అంటే పంటి ముందు అతికించే పల్చటి రేకులు, ఎక్కువ కాలం ఉంటాయి గానీ చాలాసార్లు వాటికోసం మీ సొంత పంటిని కొంత అరగదీయాలి. అరిగింది తిరిగి రాదు, జీవితాంతం మార్చుకుంటూ ఉండాలి. ఒక్కో పంటికి లెక్క కడతారు కాబట్టి ఖర్చూ ఎక్కువే. నిశ్చితార్థం తేదీ పెట్టుకుని పరుగెత్తే పని కాదిది. ముందు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించుకోండి, తర్వాత ప్రైవేటులో ఇంకో మాట తీసుకోండి. నవ్వితే కనబడే నాలుగైదు పళ్లకే చేయించుకోవడం కూడా ఉంది.

చెప్పడం మరిచాను. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ఉంది. నాగపూర్‌లోని నీరీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేశారు. ఆఫ్రికా దేశాల్లో కూడా వాడి చూశారు. దాని పేరు నల్లగొండ టెక్నిక్. ఈసారి హాస్టల్‌లో ఎవరైనా ఏ ఊరు అని అడిగితే చెప్పండి.

ఇక మీ అన్న కొడుకు. వాడు మిమ్మల్ని వెక్కిరించలేదు. వాడు పుట్టేసరికి ఇంట్లో నల్లా ఉంది, వాడి తోటి పిల్లల పళ్లు తెల్లగా వస్తున్నాయి, కాబట్టి మీవి వాడికి కొత్త. మీ ఊళ్లోనే మామూలు మారిపోయింది చూశారా, మీ నాయన గమనించారో లేదో! సంక్రాంతికి వెళ్లినప్పుడు వాణ్ణి పొలం దగ్గరికి తీసుకెళ్లండి. బోరు చూపించి, "చిన్నప్పుడు నేను ఈ నీళ్లు తాగిన, అందుకే ఇట్లున్నయి" అని చెప్పండి. అప్పుడు వాడు తప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతాడు, మరి తాత ఇప్పుడెందుకు తాగుతుండు అని. దానికి మీరు జవాబు చెప్పకండి. తాతనే అడగమనండి. పొద్దున తాత పొలానికి బయలుదేరేటప్పుడు నల్లా నీళ్ల సీసా చేతికి ఇచ్చే డ్యూటీ కూడా వాడికే అప్పజెప్పండి. కూతురు చెబితే వినని మనిషి మనవడు చెబితే వింటాడేమో చూద్దాం. ఏమైందో నాకు రాయండి.